పళ్ళ నుయ్యి

ఇలగ రండి, దగ్గరికి జరిగి కూకోండి. ఒలే, ఆ బుట్ట ఇటు తొయ్యి, చింతపండు పిక్కలు తీసుకుంటా చెప్తాను, చేతులు ఊరికే ఉంటే నాకు మాట రాదు. వేయించిన పిక్కలు ఆ గిన్నెలో ఉన్నాయి, కావాలంటే మీరూ నోట్లో వేసుకోండి. ఈ వయసులో చింతపిక్కలు కటకటా నమిలీస్తన్నావేటి మామ్మా అని నవ్వుతారు మీరు, నవ్వండి, ఆ సంగతీ వస్తాది. ముందు నాకొకటి చెప్పు ఝాన్సీ. రేపట్నించి మీకు ఒంటిపూట బడులంట కదా? మిట్టమధ్యాన్నం బడి వదిలితే ఆ తారురోడ్డు చుట్టూ తిరిగి రావడం దండగని, నువ్వూ ఈ కుమారీ జీడితోటల్లోంచి అడ్డదారిన వచ్చీద్దామనుకుంటన్నారంట. నాకు తెలీదనుకున్నారేటి? మీ అమ్మకి తెలీదు. నాకు తెలుసు.

ఆ అడ్డదారిలో ఏటుందో తెలుసా? పళ్ళ నుయ్యి ఉన్నాది. గట్టు సగం కూలిపోయి, చుట్టూ జిల్లేళ్ళు మొలిచి, పక్కన ఎండిపోయిన ఏతం గుంజ ఒకటి నిలబడి ఉంటాది, అదే. మేకలు కాసీవోళ్ళు కూడా అటు మేకల్ని తోలరు. జీడిపిక్కలు ఏరీవోళ్ళు ఆ నూతి చుట్టూ ఉన్న చెట్లకింద రాలినవి రాలినట్టే వదిలీసి వచ్చీస్తారు, ధర ఎంత పలకనీ. ఎందుకని ఎవర్నైనా అడగండి, ఏటో పాములుంటాయి అని అటు తిరిగిపోతారు. పాములకి ఎవుడు భయపడతాడు ఈ ఊర్ల? చెప్పడానికి సిగ్గు, అదీ సంగతి.

పళ్ళంటే మామిడిపళ్ళనుకునీరు. నోట్లో పళ్ళు. మన పెద్దోళ్ళ కాలంలో ఏటి చేసీవోరంటే, ఆవు పాలు ఎగ్గొట్టినా, చంటిదానికి జ్వరం వచ్చినా, ఎవుడికో కడుపులో మెలి తిప్పినా, ఎవుత్తో చిల్లంగి పెట్టీసినాది అనీవోరు. చిల్లంగంటే మంత్రం వేసి మనిషిని లోపల్నించి తినీడం. మరి ఎవుత్తి పెట్టినాదీ అంటే, మొగుడు పోయిందో, పిల్లల్లేందో, లేకపోతే నోరున్నదో. నోరున్నదైతే మరీ సుళువు. దాన్ని తెచ్చి చావడి ముందర కూలేసి, పొద్దు నడినెత్తికి వచ్చీదాకా ఆగి, కమ్మరోడి పటకారుతో ముందుపళ్ళు పీకీసీవోరు. ఎందుకూ అంటే, పళ్ళు లేకపోతే మంత్రం సరిగ్గా పలకదంట, పలక్కపోతే పారదంట. మరి అది అన్నమెలగ తింటాదీ అని ఎవుడైనా అడిగినాడా? అడగలేదు. ఆ పళ్ళు ఊర్ల ఉంటే మళ్ళీ ఏటి చేస్తాయో అని గుడ్డలో మూటగట్టి తీసుకెల్లి తోటల మధ్యనున్న ఆ నూతిలో పడీసీవోరు. మంచినీళ్ళ నుయ్యి అది, ఏతం వేసి తోటలన్నిటికీ తోడుకునీ నుయ్యి. దాన్ని అలగ చేసినారు మనవాళ్ళు.

అలగ ఎన్ని పళ్ళు మింగినాదో ఏటో, ఒకనాటికి ఆ నుయ్యి పిలవడం మొదలెట్టినాది. రాత్రి కాదు. దెయ్యమంటే రాత్రే వస్తాదని మీకెవరు చెప్పినారు, సినిమాల్లో చెప్పినారేటి? ఇది మధ్యాన్నం. పళ్ళు పీకింది మధ్యాన్నం కదా మరి. పొద్దు నడినెత్తిన ఉన్నప్పుడు మన నీడ మన కాళ్ళకిందకి దూరిపోతాది, అప్పుడు మనిషి ఒంటరి. అప్పుడు పిలుస్తాది. నీకు ఎవరంటే ప్రాణమో వాళ్ళ గొంతుతో, నీ పేరు పెట్టి పిలుస్తాది. ఆఁ అన్నావో, నీ గొంతు దానిది. ఇంటికైతే నడిచి వస్తావు. మాట ఉండదు, ముద్ద దిగదు, కొన్నాళ్ళకి మంచమ్మీదే ఎండిపోతావు. పలక్కుండా దగ్గరికెల్లి తొంగిచూసినావో, మనిషివే దానివి. అప్పుడు ఇంటికి రావడం కూడా ఉండదు.

ఇప్పుడు వినండి. ఆ రోజుల్లో పారమ్మ అని ఒక ముసిల్ది ఉండీది, కొండవైపు చివరి గుడిసె. మంత్రసానిపని చేసీది, ఆకులూ వేళ్ళూ తెలుసు. వయసులో ఉన్నప్పుడే దానికి పళ్ళు పీకీసినారు, ఎవరి బిడ్డో పుట్టి పోయినాడని. చిల్లంగి నిజంగా వచ్చునేటి మామ్మా అంటారా? నాకు తెలిసి దానికి వచ్చింది కానుపులు చెయ్యడమే. పళ్ళు పీకినాక కూడా వీళ్ళ పిల్లల్ని అదే తీసినాది చూడండి, అవసరానికి పిలిచీవోరు, పని అయినాక మొహం తిప్పుకునీవోరు. దాని మాట గాలిగా, నానిపోయినట్టుగా ఉండీది, ఎవరికీ అర్థమయ్యీది కాదు. అర్థమయ్యీది దాని మనవరాలికొక్కదానికే. ఆ గుంట పేరు దాలి. అమ్మా నాన్నా మశూచికంలో పోతే ముసిల్దే పెంచినాది. దాలికి నోరు ఉండీది, అయ్యబాబోయ్ అలగిలాంటి నోరు కాదు, ఇద్దరికి సరిపడా ఉండీది, పారమ్మది కూడా తనే మాటాడీయాలి కదా.

రెండో గుంట కమ్మరి సన్నాసి కూతురు. పేరేటి మామ్మా అంటన్నావేటే కుమారీ? పేరు చెప్పను. కమ్మరి గుంట అనుకో, సరిపోతాది. సన్నాసి అంటే ఎవరో తెలిసినాదా? ఆ పటకారు ఆళ్ళింట్లోదే. తాత పట్టినాడు, తండ్రి పట్టినాడు, పారమ్మ నోట్లో పెట్టినదీ అదే పటకారు. ఇంట్లో కొలిమి పక్కన గోడకి విడిగా వేలాడగట్టి ఉండీది, వేరే పనికి వాడీవోరు కాదు. ఆ పిల్ల చిన్నప్పట్నించీ దాన్ని చూసుకుంటా అన్నం తిన్నాది.

మరి ఈ ఇంటికీ ఆ ఇంటికీ నేస్తం ఎలగ కుదిరిందీ అంటారా, దెబ్బలాటతో కుదిరినాది. ఒకేడు జీడిపళ్ళ కాలంలో ఇద్దరూ ఒకే చెట్టుకింద పడ్డారు. ఈ పిక్కలు నావంటే నావని జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. కమ్మరి గుంట సమ్మెట ఎత్తీ చెయ్యి, ఒక్క తోపుకి దాలి బోర్లా పడినాది. పడింది పడినట్టే తిరిగి దాని ముంజేతిని కొరికీసినాది. కొరకడమంటే ఊరికే కాదు, రక్తం వచ్చీదాకా వదల్లేదు. అప్పుడా కమ్మరి గుంట ఏడవలేదు, తిట్టలేదు. చేతిమీద పంటిగాట్లు అటూ ఇటూ తిప్పి చూసుకుని, నీ పళ్ళు భలే గట్టివే, మా అయ్య పటకారుకి కూడా రావు అన్నాది. అని నవ్వీసినాది. దాలి కూడా నవ్వీసినాది. అంతే, ఆ రోజు నుంచి ఒకర్ని వదిలి ఒకరు నీళ్ళకి కూడా ఎల్లలేదు. కమ్మరి గుంట దొంగతనంగా పారమ్మ గుడిసెకి వచ్చీది, వచ్చి వచ్చి ముసిల్దాని మాట అర్థం చేసుకోడం కూడా నేర్చుకున్నాది.

తర్వాత పోలమ్మ పండగకి ఇద్దరూ నేస్తం కట్టుకున్నారు. మీకిప్పుడు ఫ్రెండనీస్తే అయిపోయినాది. అప్పుడలగ కాదు. అమ్మోరి ముందర ఒకరి నోట్లో ఒకరు బెల్లం పెట్టుకోవాల, గాజులు మార్చుకోవాల, పసుపు రాసుకోవాల. ఆ క్షణం నుంచి ఆ మనిషి పేరు నోటితో అనకూడదు. చచ్చినా అనకూడదు. నేస్తం అనే పిలవాల. పేరు ఊరందరిదీ, నేస్తమన్నది ఒక్కరిదే. పేరెట్టి పిలిచినావంటే ఆ నేస్తరికం తెగిపోయినట్టే. సన్నాసికి తెలిసి కూతుర్ని కర్రతో కొట్టినాడు, అయినా అది గాజులు తియ్యలేదు. చూసినారా, తొడుక్కున్నది దాలి గాజులు, దెబ్బలు పడ్డది దానికి.

ఇలగ ఉండగా ఏటయినాదంటే, ఊరిపెద్ద జగ్గయ్య కొడుకు, సూరప్పడని, తల్లిలేని పిల్లడు, గారాబం ఎక్కువైనవోడు, ఒకరోజు నీళ్ళరేవు కాడ దాలి చెయ్యి పట్టుకున్నాడు. చిల్లంగిదాని మనవరాలివి కదా, నాకేదైనా మంత్రం వెయ్యీ అని. దాలి బిందెతో ఆడి దవడ మీద ఒక్కటిచ్చినాది, ఇచ్చి, నీ నోరు పడిపోను, అన్నాది. అందరం అనీ మాటే కదా? పొద్దున లేస్తే మీ అమ్మ మిమ్మల్ని అంటాది. కానీ రేవు నిండా జనం ఉన్నారు, అందరూ విన్నారు. విని నవ్వినారు కూడా, ఆడికి తగిన శాస్తి అయినాదని.

రెండ్రోజులు తిరక్కుండా సూరప్పడికి నోరు పడిపోయినాది.

మధ్యాన్నం ఇంటికి వచ్చినాడంట, గుమ్మంలో నిలబడి నోరు తెరిచినాడంట, గాలి తప్ప ఏటీ రాలేదు. అన్నం పెడితే మింగలేకపోయినాడు. జగ్గయ్యకి ఒక్కగానొక్క కొడుకు, ఆ మనిషి గుండె ఎలగ కొట్టుకుందో నాను కాదన్ను, కానీ ఆ గుండె తీసుకెల్లి ఎవరి మీద పడీసినాడో చూడండి. సాయంత్రానికి చావడి కాడ జనం మూగిపోయినారు. రేవు కాడ నవ్వినవోళ్ళే, అవును, మా చెవులతో విన్నాం, నోరు పడిపోనూ అన్నాది, అన్నారు. జగ్గయ్య మనుషులెల్లి దాలిని జుట్టు పట్టుకుని తెచ్చి ఆళ్ళ ధాన్యం కొట్లో పెట్టి తాళం వేసీసినారు. రేపు మధ్యాన్నం పళ్ళు పీకీయాలని చెప్పీసినారు. సన్నాసిని పిలిచి పటకారు సిద్ధం చెయ్యమన్నారు. సన్నాసి తల వంచుకుని, సరే పెద్దయ్యా, అన్నాడు.

కమ్మరి గుంట ఊరుకునీదేటి? పొద్దు పొడవగానే సానపట్టిన కొడవలి ఇచ్చీ వంకతో జగ్గయ్య ఇంటికెల్లినాది. సూరప్పడు వసారాలో మంచమ్మీద పడున్నాడు. దగ్గరగా కూకుని, నువ్వు నూతి కాడికి ఎల్లినావా అనడిగినాది. ఆడు గోడవైపు తిరిగిపోయినాడు. అది మంచం చుట్టూ తిరిగి అటెల్లి మళ్ళీ అడిగినాది, నూతి కన్నాల్లో పావురంపిల్లల కోసం ఎల్లినావు కదూ, అక్కడ మీ అమ్మ పిలిచినాది కదూ అని. అప్పుడు ఆడికి కళ్ళమ్మట నీళ్ళు బొటబొటా కారిపోయినాయి, అవునని తల ఊపినాడు. పాపం, చిన్నప్పుడే పోయిన అమ్మ పేరెట్టి పిలిస్తే ఎవుడు పలకడు? నాకు ఆడిమీద కోపమున్నాది కానీ, ఆ ఒక్క సంగతిలో లేదు.

అది పరుగున చావడి కాడికి వచ్చి అందరికీ చెప్పినాది. మీరే వచ్చి అడగండి, తల ఊపుతాడు, అన్నాది. ఎవరూ లేవలేదు. కమ్మరోడి కూతురు, చిల్లంగిదాని నేస్తం, దాని మాట ఎవుడికి కావాల? ఒక పెద్దమనిషైతే, పళ్ళు పీకాల్సిన నోళ్ళు రెండున్నట్టున్నాయి అన్నాడంట. సన్నాసి కూతురి రెక్క పట్టుకుని ఇంటికి లాక్కెల్లినాడు. ఇంట్లో అందరూ చావడికి బయల్దేరీ హడావిడిలో ఉండగా అది గోడమీద పటకారు తీసి ఓణీలో చుట్టుకుని, దొడ్డిదారిన సూటిగా పారమ్మ గుడిసెకి ఎల్లిపోయినాది.

ముసిల్ది అప్పటికి చూరుకింద కూకుని కొండకేసి చూస్తన్నాది. కమ్మరి గుంట ఎల్లి దాని కాళ్ళ ముందర కూకుని, మామ్మా, పోయిన గొంతు వెనక్కి వస్తాదా, ఆడు నోరు తెరిచి నిజం చెప్తే నా నేస్తాన్ని వదిలీస్తారు కదా, అనడిగినాది. నాకు తెలీదే అని పారమ్మ తప్పించుకోబోయినాది. ఇది వదల్లేదు. ఆఖరికి చెప్పినాది. ఆ నూతిలో ఉన్నవి మా పళ్ళు, వాటికి నోళ్ళు లేవు, అందుకే దారినపోయీవోళ్ళ గొంతులు లాక్కుంటన్నాయి, వాటికి ఆకలి ఆ పటకారుది అన్నాది. అయితే పటకారు పడీస్తానని ఇది లేచినాది. కూకో అన్నాది ముసిల్ది. పటకారొక్కటీ పడీస్తే చాలదు, దాన్ని పట్టిన చెయ్యి కూడా కావాల, ఆ చెయ్యి మీ ఇంటిది, నువ్వు ఎల్లకే తల్లీ, నా మనవరాలు బోసినోటితో బతుకుతాది, నాను బతకలేదా, అన్నాది. అని దాని చెయ్యి పట్టుకుని ఏడ్చినాది.

కమ్మరి గుంట తన ముంజెయ్యి చూపించినాది. అక్కడ ఆ పాత పంటిగాట్లు తెల్లగా ఉన్నాయి. ఈ పళ్ళు దానివే కాదు మామ్మా, నావి కూడాను, ఒక్కటి కూడా ఇవ్వను, అన్నాది. అని చెయ్యి విడిపించుకుని జీడితోటల్లోకి ఎల్లిపోయినాది. ముసిల్ది లేచి వెనకాల పరిగెట్టలేదు, ఆ కాళ్ళు పరిగెట్టీవి కావు.

ఇటు ధాన్యం కొట్లో దాలి ఏటి చేస్తన్నాది? గోడ బీటలోంచి చావడి చూస్తన్నాది. జనం వస్తన్నారు. పిల్లల్ని భుజాలమీద ఎక్కించుకుని వస్తన్నారు, తీర్థానికి వచ్చినట్టు. చావడి నీడ కొంచెం కొంచెం కురచయిపోతన్నాది. దాలి నాలిక్కొసతో తన పళ్ళు ఒక్కొక్కటే తడుముకున్నాది. భయం లేదని చెప్పను. అప్పుడు బయట సన్నాసి గొంతు వినిపించినాది, పటకారు లేదు, గోడమీద లేదు, నా కూతురూ లేదు, అని. జనం గోలెత్తిపోయినారు. దాలికి అర్థమయిపోయినాది. పటకారు దాచాలంటే గడ్డివాములో దూర్చొచ్చు. పటకారుతో మనిషి కూడా లేదంటే ఎల్లినది ఒక్క చోటికే.

ధాన్యం రాసిమీదకి పాకినాది. కాలు పెడితే గింజలు జారిపోతన్నాయి, మోకాళ్ళమీద, మోచేతులమీద పాకినాది. పైకప్పు పెంకులు తలతో ఒక్క పోటు పొడిచినాది, ఇంకో పోటు పొడిచినాది, తల పగిలినా పెంకు లేచినాది. కన్నంలోంచి దూరి అటు దొడ్లోకి దూకినాది. కాలు మడత పడినాది. అయినా పరుగే. నెత్తురు కంట్లోకి కారతన్నాది, తుడుచుకుంటా పరుగు. జీడితోటలో అడుగు పెట్టీసరికి ఒక్క పిట్ట కూడా అరవడం లేదు. ఆకు కదలడం లేదు. కిందకి చూసుకుంటే తన నీడ లేదు, కాళ్ళకింద దూరిపోయినాది. అప్పుడు తెలిసినాది దానికి, ఎంత తప్పు వేళకి వచ్చినాదో.

నుయ్యి కనిపించినాది. గట్టుమీద ఏటో మెరుస్తన్నాయి. గాజులు. నేస్తం గాజులు పగిలిపోకూడదని తీసి, ఒకదానిమీద ఒకటి పేర్చి గట్టుమీద పెట్టి మరీ దిగినాది మహాతల్లి. దాలి కాలు ముందుకి వేసినాది. అప్పుడు కిందనించి, బాగా కిందనించి, గొంతు వచ్చినాది.

నేస్తం, రాకు.

అంతే. అరిచినట్టు కాదు, పని మధ్యలో ఉన్నవోళ్ళు తలెత్తకుండా చెప్పినట్టు ఉన్నాది. దాలి కాలు ఉన్నచోటే ఆగిపోయినాది.

తర్వాత ఏటీ లేదు. తర్వాత ఒక చప్పుడు మొదలైనాది. ఈ చింతపిక్కలు నములుతుంటే వస్తాది కదా, కటకట, కటకట, అదే చప్పుడు, కానీ ఒక నోరు కాదు, ఎన్నో నోళ్ళు ఒక్కసారి నములుతున్నట్టు. ఇనుము నమిలితే అలగుంటాదని ఎవరికి తెలుసు? అది చాలాసేపు ఉన్నాది. తర్వాత అదీ ఆగినాది.

అప్పుడు పిలిచినాది.

దాలీ, అని పిలిచినాది. అదే గొంతు. ఒక్క వీసం తేడా లేదు. దాలీ, రాయే, చెయ్యందియ్యే, మెట్టు జారిపోతన్నాది, అని. దాలి గట్టు దాకా ఎల్లిపోయినాది, ఎల్లి గాజులు చేతిలోకి తీసుకున్నాది, వంగి తొంగిచూడ్డమే తరువాయి. దాలీ, జీడిచెట్టు కింద కొరికినావు గుర్తున్నాదా, అన్నాది ఆ గొంతు. గుర్తున్నాదే అందామని నోరు తెరిచీసినాది కూడా. అప్పుడు దాని బుర్రకి తట్టినాది. నా నేస్తం నన్ను పేరెట్టి పిలవదు. చచ్చినా పిలవదు.

ఓణీ చెంగు నోట్లో కుక్కీసుకున్నాది. గట్టు వదిలి వెనక్కి జరిగినాది, పోలేదు, ఏతం గుంజ పట్టుకుని నిలబడినాది. అది పిలుస్తానే ఉన్నాది. నవ్వుతా పిలిచినాది, ఏడుస్తా పిలిచినాది, మునిగిపోతన్నానే దాలీ అని పిలిచినాది. ఒకవేళ నిజంగా అదేనేమో, ప్రాణం పోతుంటే ఎవరికి గుర్తుంటాది ఈ నియమం అని మనసు కొట్టుకులాడిపోయినాది. కానీ మొదట వచ్చిన మాట ఉన్నాది కదా. నేస్తం, రాకు, అన్నాది. ఆ మాట పట్టుకుని నిలబడినాది. నీడ కాళ్ళకిందనించి బయటికి వచ్చీదాకా అలగే నిలబడినాది. నీడ వచ్చినాక పిలుపు ఆగిపోయినాది.

అప్పుడు జనం వచ్చినారు. ముందు సూరప్పడు, ఎనకాల ఊరంతా. సరిగ్గా ఆ మధ్యాన్నమే మంచమ్మీద పడున్నవోడు అమ్మా అని ఊరదిరిపోయీలా కేకేసి లేచి కూకున్నాడంట. నూతి కాడికి నానే ఎల్లినాను, దాలి నన్నేటీ చెయ్యలేదని, దారి పొడుగునా అదే మాట చెప్పుకుంటా వచ్చినాడు. బిందెలు తీసీ గేలం తెచ్చి నూతిలో వేసినారు. ఎంత వెతికినా మనిషి దొరకలేదు. పటకారు దొరికినాది. సన్నాసి దాన్ని చేతిలోకి తీసుకుని అక్కడే కూలబడిపోయినాడు. ఇనుము నిండా పంటిగాట్లు. చెరుకుముక్క నమిలి ఉమ్మినట్టు నమిలీసున్నాది. కొలిమిలో పెట్టి సమ్మెటతో కొడితే కానీ వంగని ఇనుము అది, దాని సంగతి ఆడికి తెలిసినంత ఇంకెవరికి తెలుసు? మర్నాటి నుంచి ఆ ఇంట్లో కొలిమి వెలగలేదు.

అప్పుడు కూడా ఆ పెద్దమనుషుల్లో ఒకడు గొణిగినాడు చూడండి, ఏదేమైనా ఈ గుంటని ఇలగ వదిలీయడం మంచిది కాదేమో అని. దాలి విన్నాది. నోట్లో చెంగు తీసి పారేసినాది. ఆ నెత్తురు మొహంతో జగ్గయ్య ముందుకి ఎల్లి నిలబడి, నోరు బార్లా తెరిచి, రండి పీకండి, ఆ పటకారే తెచ్చుకోండి, అన్నాది. ఒక్కడు కదల్లేదు. మొగోళ్ళంతా నేల చూపులు చూసినారు. ఆ రోజు నుంచి ఈ ఊర్ల ఏ ఆడదాని నోట్లోనూ ఎవుడూ చెయ్యి పెట్టలేదు. పోలమ్మ గుడిలో దూలానికి ఒక తుప్పు ఇనపముక్క వేలాడుతున్నాది కదా, ఏటో పాత గంట అనుకుంటారు మీరు. రేపు ఎల్లి దగ్గరగా చూడండి. గాట్లు ఇంకా ఉన్నాయి.

ఏటే ఝాన్సీ, ఏడుస్తన్నావేటి? ఇలగ రా, దీపం ఇటు తే. ఇదిగో, నా నోట్లోకి చూడు. చూడు పరవాలేదు. ఒక్కటి ఊడలేదు, ఒక్కటి కదల్లేదు. ఈ ముసిల్దానికి పళ్ళు ఇంకా ఎలగున్నాయో అని ఊరంతా వింతగా చెప్పుకుంటారు కదా. ఇవి నావొక్కదానివే కాదు, ఇద్దరివి, అందుకని జాగ్రత్తగా దాచుకున్నాను. అవునే, ఆ దాలిని నానే. మీకు మామ్మని కానీ, మా మామ్మకి నాను దాలినే కదా.

పేరడిగినావు కదే కుమారీ, పేరెందుకు చెప్పలేదో తెలిసినాదా? పేరు చెప్పీసి నేస్తరికం తెంపుకోమంటావేటి, ఇన్నేళ్ళు మోసినాక? చెప్పను.

ఇప్పటికీ నాను అప్పుడప్పుడు జీడితోట గట్టు దాకా ఎల్తాను, మధ్యాన్నంపూట. పటకారు తిన్నా దాని ఆకలి పూర్తిగా తీరలేదో ఏటో, అది ఇంకా పిలుస్తాది. నా నేస్తం గొంతుతోనే, అప్పటి వయసు గొంతుతోనే పిలుస్తాది. దాలీ, అంటాది. ఆ గొంతు విందామనే ఎల్తాను, అబద్ధమెందుకు. విని, పలక్కుండా వచ్చీస్తాను. నేస్తం రా అని ఏ రోజు పిలుస్తాదో, ఆ రోజు పొయ్యిమీద అన్నం ఉన్నా సరే, వదిలీసి ఎల్లిపోతాను.

నా సంగతి వేరు, మీ సంగతి వేరు. ఇప్పుడీ ఝాన్సీని నువ్వు ఝాన్సీ అనే పిలుస్తావు, ఇది నిన్ను కుమారీ అనే పిలుస్తాది. మరి ఆ మధ్యాన్నంపూట, నూతి కాడ, కుమారీ అని ఇది పిలిస్తే, పిలిచింది ఇదో అదో నీకెలగ తెలుస్తాది? తెలీదు కదా. అందుకని రోడ్డు చుట్టూ తిరిగే రండి. ఎండదెబ్బ తగిలితే నా దగ్గర మజ్జిగున్నాది, పోస్తాను. అటెల్లి వచ్చీవోళ్ళకి పొయ్యడానికి నా దగ్గర ఏటీ లేదు.